ట్యాంకులో తలుపు

"పెట్రోలు ట్యాంకు కట్టింది నువ్వు. బండి నడిపింది వాడు. మధ్యలోకి దేవుణ్ణి ఎందుకు లాగుతావు?" అంది అత్తగారు.

పెద్దకొడుకు అన్నదల్లా దేవుడి దయవల్ల తమ్ముడి ప్రాణం దక్కిందని. నాలుగు రోజులుగా ఆ మాట అనకుండా గడప దాటిన చుట్టం లేడు. వాళ్ళందరికీ తలాడించి టీ పోసి పంపిన అత్తగారు, కన్నకొడుకు నోట అదే మాట వినేసరికి ఓర్చుకోలేకపోయింది.

పెద్దకోడలు ఎంగిలి కప్పులు తీస్తోంది. అందులో రెండు కప్పులు తాగకుండానే చల్లారిపోయాయి. ఆ ఇంట్లో టీ మిగలడమన్నది ఇంతకుముందు ఎరగరు. ఇంటి ముందుగది దాటి రెండు మెట్లు దిగితే షెడ్డు. అక్కడ పనిచేసేవాళ్ళు, పని చూసేవాళ్ళు, పని ఎప్పుడవుతుందని అడగడానికొచ్చేవాళ్ళు, అందరి వాటా పోను తనకి మిగిలిన టీ ఆమెకి పంతొమ్మిదేళ్ళలో తలుచుకోవడానికి కూడా లేదు.

షెడ్డులో ఇప్పుడు పనివాళ్ళు లేరు. నిన్న లారీ దింపిపోయిన పందెం కారు ఒక్కటే ఉంది. ముందుభాగం నలిగి, కుడి తలుపు లోపలికి చొచ్చుకుపోయి ఉంది. ఆ చొచ్చుకుపోయిన చోటే మరిది మోకాలు ఉండింది. కాలు ఉంచాలో తీసెయ్యాలో రేపు పొద్దున చెబుతామన్నారు డాక్టర్లు.

"బావగారూ, ఒక్కమాట అడుగుతాను," అంది చిన్నకోడలు. ఆసుపత్రినుంచి బట్టలు మార్చుకోవడానికి వచ్చిన మనిషి, మార్చుకోకుండా సంచీ ఒళ్ళో పెట్టుకుని గంటనుంచి అలాగే కూర్చుంది. "ఇంజను ఎందుకు ఆగింది?"

"ఆగింది."

"ఎందుకని అడిగాను. ఆగిందా అని కాదు."

ఆయన గోరులో ఇరుక్కున్న నల్లమట్టి గిల్లుకున్నాడు.

"తెలివొచ్చాక మీ తమ్ముడు చెప్పింది అదొక్కటే. కుడి మలుపులో ఇంజను చచ్చిపోయింది, స్టీరింగు రాయైపోయింది అని. ఆ తర్వాత గోడే. పన్నెండేళ్ళుగా ఆ కొండదారిలో పందేలకి నడుపుతున్నాడు మనిషి. కొత్తగా వచ్చింది మీ ట్యాంకు ఒక్కటే."

"వాడు పెట్రోలు తీసేశాడు."

ఆ మాట ఎంత మెల్లగా వచ్చిందంటే అత్తగారు "ఏమిటీ?" అని చెవి ఒగ్గింది.

"సగానికి పైన ఉంచమన్నాను. బండి తేలిగ్గా ఉండాలని తోడేశాడు. తోడిన డబ్బా లారీలో బండితోపాటే వచ్చింది. నిన్నటినుంచీ చెప్పకుండా మింగుతున్నాను. కాలు పోయేవాడి మీద నేరం మోపుతానా అని."

"ఇప్పుడు మోపారుగా," అంది చిన్నకోడలు. "సరే. ఎవరి మాట విని తీశాడు? ఇదే గదిలో, ఇదే బల్ల ముందు మీరేగా అన్నారు? ట్యాంకులో ఈ తలుపు పెట్టాక చెంచాడు పెట్రోలున్నా ఇంజను దగ్గదు అని?"

"సరదాకన్నాను."

"ఆయన సరదాకి నడపలేదండీ."

పెద్దకోడలు కప్పులు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఆ సాయంత్రం ఆమెకి గుర్తే. ఆయన తొడ చరిచి మరీ అన్నాడు. మరిది పగలబడి నవ్వాడు. కళ్ళజోడు మాస్టారు కూడా ఉన్నాడు అప్పుడు. వారమంతా బడిలో లెక్కలు చెప్పి, ఆదివారాలు అదే కొండ మీద అవే మలుపుల్లో పందెం బండి నడిపే మనిషి. "అయితే నాకూ ఒకటి కట్టిపెట్టండి," అన్నాడు కప్పు కింద పెట్టకుండానే. వెల్డరు రెండు ట్యాంకులూ ఒకే రోజు కట్టాడు.

పొద్దున మాస్టారు ఫోన్ చేసి మరిదికెలా ఉందని అడిగాడు. పందెం ఆపలేదట. ఇవాళ పదకొండున్నరకి తన వంతట.

"మీరిద్దరూ అరుచుకుంటే నాకేం తెలుస్తుంది?" అంది అత్తగారు. "ఆ తలుపేమిటో, ఆ గొడవేమిటో నాకు చెప్పరా. మీ నాన్న ఉంటే చెప్పేవాడు."

మీ నాన్న అన్న మాట వస్తే ఆయన కాదనలేడు. లేచి టీ పళ్ళెం బల్ల మీద పెట్టి, చెంబుతో అరఅంగుళం నీళ్ళు పోశాడు.

"ఇది ట్యాంకు. బండి కుడికి తిరిగిందనుకో. నీళ్ళు ఎడమకి ఎగబడతాయి." పళ్ళెం ఒక పక్కకి ఎత్తాడు. "బస్సు మలుపు తిరిగితే నువ్వు పక్కావిడ మీద పడవూ? అలా."

"నేనెప్పుడూ ఎవరిమీదా పడలేదు," అంది అత్తగారు.

మామూలు రోజైతే ఇద్దరు కోడళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఇవాళ చిన్నకోడలు పళ్ళేన్నే చూస్తోంది.

"పెట్రోలు పీల్చే గొట్టం నోరు ఇక్కడ, కుడి మూల ఉంది. పెట్రోలంతా ఎడమకి పోతే అది పీల్చేది గాలి. గాలి తాగి ఇంజను ఎంతసేపు బతుకుతుంది? అందుకని నడిమికి, సగం ఎత్తున, గోడ కట్టాం." భార్యని చూశాడు. ఆమె క్యాలెండరు అట్ట చింపి పళ్ళెం నడిమికి నిలబెట్టి పట్టుకుంది. "గోడ ఉట్టిగా ఉంటే అటుది అటే, ఇటుది ఇటే. అందుకని గోడ అడుగున చిన్న రేకు తలుపు. ఎడమనించి నెడితే తెరుచుకుంటుంది. కుడినించి నెడితే మూసుకుంటుంది. గొట్టం వైపుకి రావడమేగానీ పోవడం ఉండదు."

"ఈ ఇంటికొచ్చిన కోడళ్ళలాగ," అంది చిన్నకోడలు. నవ్వడానికన్న మాట కాదది.

"తలుపు సరిగా ఉంటే కుడి మలుపులో ఒక్క చుక్క దాటకూడదు. పావు ట్యాంకున్నా సరే. అందుకే నాకర్థం కావట్లేదు." ఆయన తడివేలితో బల్ల మీద మలుపు గీశాడు. "చెప్పడంలో పొరపాటు జరిగిందా అంటే, ఆ రోజు కింద పడుకుని ఒకటికి రెండుసార్లు ఆలోచించి మరీ చెప్పాను. చిన్నోడు అంతకు వారం ముందే ఎగతాళి చేశాడు. అన్నయ్యా, నువ్వు వెల్లకిలా పడుకుంటే నీ కుడి బండికి ఎడమ, ఇన్నేళ్ళూ ఎలా నెట్టుకొచ్చావు అని. నిజమేనని జాగ్రత్తపడ్డాను. డ్రైవరు సీట్లో కూర్చున్నట్టు ఊహించుకుని, నాన్న చెప్పే పద్ధతిలో..."

పెద్దకోడలి వేళ్ళలోంచి అట్ట జారిపోయింది. నీళ్ళు పళ్ళెం అంచు పొర్లి బల్ల మీదుగా కారి అత్తగారి కాళ్ళ దగ్గర పడ్డాయి.

"చూసుకోవద్దూ?" అన్నాడాయన, కోపంగా కాదు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "ట్యాంకు మీది గేజి కంతలోంచి తీగ పెట్టి చూస్తాను. తలుపు కదులుతుందో, ఇరుక్కుందో." రెండు మెట్లు దిగి షెడ్డులోకి పోయాడు.

*

షెడ్డు పనికి కొలతలు గీసుకునే బొమ్మల పుస్తకం వంటింటి అలమరలో, పప్పుల డబ్బాల పక్కన ఉంటుంది. షెడ్డులో ఉంటే నూనె మరకలవుతాయని ఆమే అక్కడ పెట్టించింది. గళ్ళ కాగితాల పొడుగు పుస్తకం. ఇది పదకొండోది. డిగ్రీలో చదివిన భౌతికశాస్త్రం ఆ ఇంట్లో పనికొచ్చింది ఆ గళ్ళల్లోనే. మిగతాదంతా ఏ పాలు ఎంతసేపట్లో పొంగుతాయో చూసుకోవడానికి సరిపోయింది.

ఆయన బండి కింద వెల్లకిలా దూరి పనిచేస్తాడు. వెనకనించి రెండు కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆ కాళ్ళ పక్కన ముక్కాలిపీట వేసుకుని ఆమె కూర్చుంటుంది. ఆయన లోపలినించి కొలతలు అరుస్తాడు. ఆమె బొమ్మ గీస్తుంది. ఆ బొమ్మ చూసి వెల్డరు కడతాడు.

కుడి ఎడమలు చెప్పడానికి ఆ షెడ్డులో ఒకటే పద్ధతి. ఎవరు ఎక్కడ నిలబడ్డా, ఎక్కడ పడుకున్నా, డ్రైవరు కూర్చున్న తీరున చెప్పాలి. మామగారు పెట్టిన పద్ధతి అది. దానికి కట్టుబడ్డానని ఆమె మొగుడు పదిమందిలో చెప్పుకునేవాడు. కానీ కింద దూరితే మటుకు మరిచిపోయేవాడు. తల బండి ముందుకి, మొహం పైకి. ఆయన కుడిచెయ్యి పడేది బండికి ఎడమపక్క. ఆయన కుడి అని అరిస్తే అది తన చేతి కుడే.

పెళ్ళైన రెండో నెలలోనే ఆమె అది పట్టేసింది. చెబుదామనే అనుకుంది. అప్పుడు మామగారు బతికున్నాడు, షెడ్డు నిండా మనుషులు. కొత్తకోడలు అందరిముందూ మొగుడికి కుడి ఎడమ తెలీదనడం ఏం బాగుంటుంది? అందుకని మాట్లాడకుండా తిప్పి రాసింది. బొమ్మ సరిగ్గా కుదిరింది. మామగారు కొడుకు భుజం తట్టాడు. అంతే, ఆ తర్వాత అదే అలవాటైంది. ఆయన కుడి అంటే ఎడమ, ఎడమ అంటే కుడి. పదకొండు పుస్తకాలు. ఒక్కోసారి వంట చేసుకుంటూ తనలో తను నవ్వుకునేది కూడా. ఊళ్ళో సగం బండ్లు తన చేతి తిప్పుడు మీద నడుస్తున్నాయని.

ఇప్పుడు ఆ పేజీ తీసింది.

ట్యాంకు దీర్ఘచతురస్రం. నడిమికి గోడ. గోడ అడుగున తలుపు. తలుపు ఎటు తెరుచుకోవాలో చూపిస్తూ బాణం, ముచ్చటైన బాణం, స్కేలు పెట్టి గీసింది. కుడి మూల గొట్టం. బాణం ఎడమకి చూస్తోంది.

గొట్టాన్ని తిప్పలేదు ఆమె. అది ఫ్యాక్టరీవాళ్ళు పెట్టినచోటే, చూసి గీసింది. చెవితో విన్నది బాణం ఒక్కటే.

ఆయన 'కుడికి' అన్నాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి సరిగ్గా అన్నాడు. ఆమె తిప్పింది.

కట్టాక షెడ్డు వెనక ఖాళీ జాగాలో బండి తిప్పి చూశారు, నిజమే. అప్పుడు ట్యాంకు నిండుగా ఉంది. నిండు ట్యాంకులో పెట్రోలు గోడ మీంచే పొర్లి సర్దుకుంటుంది. ఆ అడుగున తలుపు ఏ వైపుకి మూసుకుందో ఎవరికి పట్టింది? కొండ మీద, పావు ట్యాంకుతో, ప్రతి కుడి మలుపులోనూ తలుపు తెరుచుకుని గొట్టం దగ్గరున్నది గొట్టం దగ్గర లేకుండా చేసింది. పోయింది పోయినట్టే. తిరిగి రావడానికి దారి లేదు.

ఆమె వేళ్ళు పేజీ మూలని పట్టుకున్నాయి. కుట్టు దగ్గర పట్టి లాగితే చప్పుడు కూడా రాదు. వెల్డరు మాట, తన మొగుడి మాట, మధ్యలో సాక్ష్యం ఉండదు. వెల్డరు ముసలివాడు, రెండు తిట్లు తిని ఊరుకుంటాడు. పొయ్యి పక్కనే ఉంది.

గోడ గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది.

ఆ అంకె ఒక్క క్షణం ఉట్టి అంకెలాగే కనిపించింది. తర్వాత ఆమె వేళ్ళు పేజీ మూలని వదిలేశాయి.

రెండు ట్యాంకులు. ఒకే పేజీ.

*

ఆయన మెట్లెక్కి వచ్చేసరికి ఆమె పుస్తకం గుండెకి ఆనించుకుని ముందుగదిలోకి వస్తోంది.

"తలుపు తిరగేసి పెట్టాడు!" ఆయన చేతిలోని వంచిన తీగని అటూ ఇటూ తోసి చూపించాడు. "కుడినించి తోస్తే తెరుచుకుంటోంది. ఎడమనించి కదలనే కదలదు. వెల్డరుకి ఫోన్ చేశాను. బాణం ఎటుంటే అటే పెట్టానంటాడు, సిగ్గులేకుండా. ఏదీ పుస్తకం? వాడి మొహాన కొడతాను."

"వెల్డరు తప్పు లేదు."

"నీకేం తెలుసు?"

"బాణం నేను వేశాను."

"నేను చెప్పినట్టేగా వేశావు?"

"లేదండీ. తిప్పి వేశాను. ముందు మీ ఫోన్ ఇవ్వండి. మాస్టారి ట్యాంకు కూడా ఈ బొమ్మే."

ఆయన ఇవ్వలేదు. అర్థం కాని మనిషి చేతిలో వస్తువు ఎలా బిగుసుకుపోతుందో అలా పట్టుకున్నాడు. ఆమే వేళ్ళు విప్పి తీసుకుంది. నూనె చేతి గుర్తులతో అద్దం జిడ్డోడుతోంది. పమిటతో తుడిచి, నంబరు వెతుక్కుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"కింద పడుకుని మీరు కుడి అంటే అది బండికి ఎడమ. నేను ఎప్పుడూ తిప్పే రాశాను. ఆ రోజు మీరు సరిగ్గా చెప్పారని నాకు తెలీదు."

"ఎప్పుడూ అంటే?"

"పెళ్ళైనప్పట్నుంచి."

ఫోన్ మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.

"పంతొమ్మిదేళ్ళు," అన్నాడాయన. కింద పెట్టబోయిన తీగ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "పంతొమ్మిదేళ్ళు నేను తప్పు చెబుతుంటే నువ్వు..."

"మరి చెప్పొచ్చుగా?" అంది అత్తగారు.

"చెబితే మీరు ఊరుకునేవారా అత్తయ్యా?"

అత్తగారు నేల మీది తడిలోంచి పాదాలు వెనక్కి తీసుకుంది.

చిన్నకోడలు లేచి నిలబడింది. ఒళ్ళోని సంచీ నేల మీద పడింది. అందులోంచి మొగుడి చెప్పుల జత జారిపడింది, రెండు చెప్పులూ. "నువ్వా?" అంది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచి 'అక్కా' తప్ప పిలవని మనిషి. "నాలుగు రోజులనుంచి నా తల నిమురుతున్నావు. నువ్వా?"

ఫోన్ ఆగిపోయింది. పెద్దకోడలు మళ్ళీ నంబరు నొక్కింది.

రెండోసారి నాలుగో మోతకి ఎత్తారు. మాస్టారి భార్య. వెనకాల ఒకటే రొద. పెద్దకోడలు అందరికీ వినపడేలా మీట నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టింది, తడి మరక పక్కన.

"మీరా అండీ! మీ మరిదికెలా ఉంది? ఆయన పొద్దుట్నించీ అదే తలుచుకుంటున్నారు. వద్దులెండి ఈసారికి అంటే వినరే!"

"మాస్టారు ఎక్కడున్నారు?"

"సీట్లో. ముందున్న బండి ఇప్పుడే వెళ్ళింది. తర్వాత ఈయనే."

"ఆపండి. వెళ్ళొద్దని చెప్పండి. ట్యాంకులో తప్పుంది."

"ఏమిటీ? వినపడట్లేదు. చుట్టూ ఇంజన్లు."

"ట్యాంకు! ట్యాంకులో తప్పుంది! పెట్రోలు ఎంతుంది లోపల?"

"పెట్రోలా?" మాస్టారి భార్య నవ్వింది. "దాని బాధ లేదటగా ఇప్పుడు! మీవారు చెప్పారట, చెంచాడున్నా చాలని. అందుకే ఈసారి బాగా తగ్గించేశారు."

ఆయన చేతిలో తీగ నేల మీద పడి టింగుమంది.

"వదినా, జెండా పట్టుకున్న మనిషి దగ్గరికి పరుగెత్తండి." ఫోన్ మీదికి వంగి అరిచాడాయన, ఆ గొంతు ఆయనదిలా లేదు. "బండి కదలనివ్వొద్దు! ఫోన్ పెట్టెయ్యకండి, పరుగెత్తండి!"

"అయ్యో, ఏమైందండీ? జెండా అతను అవతలి గట్టునున్నాడే. ఏవండీ! ఏవండోయ్! ఆగండి!"

చెప్పుల చప్పుడు. ఎవరినో తోసుకుంటున్న చప్పుడు. ఎవరో మగమనిషి "అమ్మా, అటు వెళ్ళకూడదు" అన్నాడు. తర్వాత ఆ చప్పుళ్ళన్నిటినీ మింగేస్తూ ఒకే ఇంజను గొంతెత్తింది. ముందు అక్కడే నిలబడి గర్జించింది, తర్వాత కదిలింది.

గదిలో నలుగురూ బల్ల చుట్టూ చేరారు. అత్తగారు ఎప్పుడు వచ్చి పెద్దకోడలి మోచెయ్యి పట్టుకుందో, అది ఆసరాకో, కదలనివ్వకుండా ఉండటానికో, ఆమెకి తెలియలేదు.

"మొదటి మలుపు ఎటు?" అని అడిగింది పెద్దకోడలు. అడుగుతూనే, ఆ మాట తనకిక ఆయన చెప్పాల్సిందేనని, విన్నది విన్నట్టే నమ్మాలని తోచింది.

ఆయన మాటతో చెప్పలేదు. కళ్ళు మూసుకుని కుడిచెయ్యి గాల్లోకి ఎత్తాడు, స్టీరింగు పట్టుకున్నట్టు. ఆ దారి ఆయనకి కంఠతా వచ్చు. చెయ్యి ఎడమకి ఒరిగింది. ఫోనులో చప్పుడు సన్నబడింది కానీ తెగలేదు. చెయ్యి నిటారుగా నిలిచింది. చప్పుడు ఇంకొంచెం సన్నబడింది, కొండకి అవతలి పక్కకి పోయినట్టు.

చిన్నకోడలు నేల మీది చెప్పుల జతని వంగి తీసుకుని గుండెకి అదుముకుంది.

ఆయన చెయ్యి నెమ్మదిగా కుడికి తిరిగింది. తిరిగి, అక్కడే ఆగి, ఎదురుచూసింది.